తెరపై శిక్షణ.. తరగతిలో తడబాటు

మూర్ఛ పిల్లలకు బడిలో ఆసరా ఎవరు?

పాడేరు: ఉదయం ప్రార్థన సమయం. వరుసలో నిలుచున్న విద్యార్థి ఒక్కసారిగా నేలకూలతాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. నోటి నుంచి నురగ వస్తుంది. తోటి పిల్లలు కేకలు వేస్తూ చెల్లాచెదురవుతారు. ఒకరు తాళం చెవుల గుత్తి తెచ్చి పిడికిట్లో పెడతారు. మరొకరు వంటశాల నుంచి ఉల్లిపాయ కోసుకొస్తారు. పళ్ల మధ్య చెంచా పెట్టమని ఒకరంటే, నీళ్లు తాగించమని ఇంకొకరంటారు. రెండు మూడు నిమిషాల్లో మూర్ఛ దానంతటదే తగ్గుతుంది. తాళం చెవులే కాపాడాయని చూసిన వారంతా నమ్ముతారు. ఈలోగా తల నేలకు కొట్టుకుందా, నోట్లో పెట్టిన చెంచాకు పన్ను విరిగిందా అన్నది ఎవరికీ పట్టదు. ఆ సాయంత్రమే పిల్లవాడిని ఇంటికి తీసుకుపొమ్మని తండ్రికి కబురు వెళుతుంది.

విశాఖ మన్యంలోని ఆశ్రమ పాఠశాలలకే పరిమితమైన దృశ్యం కాదిది. మైదానంలోని బడుల్లోనూ కాస్త అటూ ఇటూగా ఇదే తంతు. అయితే పట్టణంలో జరిగే పొరపాటుకు పక్కనే ఆసుపత్రి ఉంటుంది. కొండ మీది బడిలో జరిగే పొరపాటుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే మూర్ఛ వచ్చిన తొలి నిమిషాల్లో పిల్లవాడి పక్కన ఉన్న పెద్ద మనిషికి ఏం తెలుసు, ఏం చేయగలరు అన్నదే ఇక్కడ కీలకం.

ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే ఉపాధ్యాయులకు మూర్ఛపై సెల్‌ఫోన్ ద్వారా, కంప్యూటర్ ద్వారా శిక్షణ ఇవ్వవచ్చన్న ఆలోచన ఈ నేపథ్యంలోనే ప్రాధాన్యం సంతరించుకుంటోంది. ఆలోచన మంచిదే. మన్యం నుంచి ఉపాధ్యాయులను విశాఖ రప్పించి మూడు రోజులు కూర్చోబెట్టే కంటే, వారి చేతిలోని ఫోన్‌కే పాఠం పంపడం తేలిక, చౌక. కానీ పాఠం విన్నట్లు ధ్రువపత్రం రావడం వేరు, కింద పడిన పిల్లవాడిని పక్కకు తిప్పడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని అధికారులు ఎంతవరకు గుర్తిస్తారన్న దానిపైనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

లెక్కల్లో లేని పిల్లలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 కోట్ల మంది మూర్ఛ వ్యాధితో జీవిస్తున్నారు. వారిలో దాదాపు 80 శాతం మంది పేద, మధ్య ఆదాయ దేశాల వారే. మన దేశంలో ఈ సంఖ్య కోటికి పైనే ఉంటుందని వైద్యుల అంచనా. సకాలంలో గుర్తించి క్రమం తప్పక మందులు వాడితే 70 శాతం మంది మూర్ఛ రాకుండా సాధారణ జీవితం గడపగలరని ఆ సంస్థే చెబుతోంది. మందులు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. ఫినోబార్బిటోన్, ఫినిటోయిన్, కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్ వంటివి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఏడాదికి 5 డాలర్లంత తక్కువ ఖర్చుతో ఒకరికి చికిత్స అందించడం సాధ్యమని అంచనా. అయినప్పటికీ పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదు. లోపం మందులో లేదు, మందుకూ మనిషికీ మధ్య ఉంది.

ప్రత్యేక అవసరాల పిల్లల విషయంలో ఈ సమస్య తీవ్రత మరింత ఎక్కువ. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి మూర్ఛ కూడా ఉంటుంది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల్లోనూ ఇది మామూలు పిల్లల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. అంటే మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరికి ఏదో ఒకనాడు అక్కడే మూర్ఛ రావడం అనూహ్యమేమీ కాదు. ప్రత్యేక ఉపాధ్యాయుడికి ఇది వృత్తిలో భాగం.

విచిత్రమేమిటంటే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మూర్ఛకు విడిగా చోటు లేదు. దీర్ఘకాలిక నాడీ సంబంధ సమస్యల కింద మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ వ్యాధుల పేర్లున్నాయి గానీ మూర్ఛ పేరు లేదు. పిల్లల్లో వైకల్యాలను బడిలోనే తొలిదశలో గుర్తించేందుకు ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన 'ప్రశస్త్' యాప్ కూడా ఈ 21 వైకల్యాల ప్రాతిపదికపైనే రూపొందింది. ఫలితంగా మేధో వైకల్యంతో పాటు మూర్ఛ ఉన్న పిల్లవాడు మొదటి కారణంగా లెక్కలోకి వస్తాడు. కేవలం మూర్ఛ మాత్రమే ఉన్న పిల్లవాడు సహిత విద్య లెక్కల్లో చేరడు. అతడు మామూలు తరగతిలో మామూలు ఉపాధ్యాయుడి ఎదుట కూర్చుంటాడు. ప్రత్యేక ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇస్తే ఈ పిల్లవాడికి ఒరిగేదేమీ ఉండదన్నది మొదట గమనించవలసిన సంగతి.

వైద్య ఆరోగ్య శాఖ దస్త్రాల్లో మాత్రం మూర్ఛ ఉంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పాఠశాలలకు వచ్చే వైద్య బృందాలు పరిశీలించవలసిన 30 రకాల సమస్యల్లో మూర్ఛ ఒకటి. ఒక శాఖ లెక్కలో ఉన్న పిల్లవాడు మరో శాఖ లెక్కలో లేకపోవడం మన పరిపాలనలో కొత్తేమీ కాదు. మన్యంలో దీనికి గిరిజన సంక్షేమ శాఖ మూడోదిగా తోడవుతుంది. ఆశ్రమ పాఠశాల ఆ శాఖది, భవిత కేంద్రం సమగ్ర శిక్షది, మందు బిళ్ల ఆరోగ్య శాఖది.

కింద పడితేనే మూర్ఛ కాదు

శిక్షణ అవసరం కింద పడిన పిల్లవాడి కోసమే అనుకుంటే పొరపాటు. మూర్ఛల్లో కొన్ని తరగతి గదిలో ఎవరి కంటా పడకుండానే వచ్చి పోతుంటాయి. పాఠం వింటున్న బాలిక ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ పది, పదిహేను క్షణాలు ఆగిపోతుంది. కనురెప్పలు అల్లాడతాయి. పిలిస్తే పలకదు. మరుక్షణం ఏమీ జరగనట్టు రాయడం మొదలుపెడుతుంది. రోజుకు పదుల సార్లు ఇలా జరిగితే పాఠంలో ముక్కలు ముక్కలుగా ఖాళీలు మిగులుతాయి. ఉపాధ్యాయుడు దీన్ని పరధ్యానం అంటాడు. ప్రగతి పత్రంలో 'శ్రద్ధ లేదు' అని రాస్తాడు. మరో రకంలో పిల్లవాడు పెదవులు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముతూ, తనకు తెలియకుండానే తరగతి గదిలోంచి లేచి నడుస్తాడు. అల్లరి చేస్తున్నాడని దెబ్బలు పడతాయి.

మందులు వాడుతున్న పిల్లల సంగతి ఇంకొకటి. ఫినోబార్బిటోన్ వల్ల కొందరికి మత్తుగా ఉంటుంది, కొందరిలో చిరాకు, దుడుకుతనం పెరుగుతాయి. ఫినిటోయిన్ ఎక్కువ కాలం వాడితే చిగుళ్లు వాస్తాయి. నిద్రమొహం అనో, మొండివాడు అనో ముద్ర వేసే ముందు పిల్లవాడు ఏ మందు మింగుతున్నాడో ఉపాధ్యాయుడికి తెలిస్తే, ఆ సంగతి తల్లిదండ్రుల ద్వారా వైద్యుడికి చేరితే, మోతాదు మార్చడమో మందు మార్చడమో వీలవుతుంది. వైద్యుడు నెలకో రెండు నెలలకో ఒకసారి చూసే పిల్లవాడిని ఉపాధ్యాయుడు రోజూ ఆరు గంటలు చూస్తాడు. రోగ నిర్ధారణకు ఇంతకంటే మంచి సాక్షి దొరకడు.

దృశ్య పాఠం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. పుస్తకంలో ఎంత వర్ణించినా అర్థం కాని తేడాలు రెండు నిమిషాల వీడియోలో తెలిసిపోతాయి. పరధ్యానంలో ఉన్న పిల్లవాడు భుజం తడితే తేరుకుంటాడు, మూర్ఛలో ఉన్న పిల్లవాడు తేరుకోడు. ఈ ఒక్క తేడాను కళ్లకు కట్టినట్టు చూపగలిగితే తెరపై శిక్షణ సగం విజయం సాధించినట్టే. ఒకసారి చూసి మరచిపోయినా మళ్లీ చూసుకోవచ్చు. కొత్తగా బదిలీపై వచ్చిన ఉపాధ్యాయుడు మరుసటి విడత శిక్షణ కోసం ఏడాది ఆగనవసరం లేదు.

ఫోన్‌తో మరో మేలూ ఉంది. మూర్ఛ వచ్చినప్పుడు ఒకరు పిల్లవాడిని చూసుకుంటుంటే రెండో వ్యక్తి ఆ దృశ్యాన్ని చిత్రీకరిస్తే, నాడీ వైద్యుడికి అది విలువైన ఆధారం. తల్లిదండ్రులు చూడని మూర్ఛను వారు వర్ణించలేరు. అయితే ఆ దృశ్యం వైద్యుడికి, తల్లిదండ్రులకు తప్ప మరొకరికి చేరకూడదు. బడి వాట్సప్ బృందంలో పడిందంటే ఆ పిల్ల మళ్లీ బడి ముఖం చూడకపోవచ్చు. ఈ హెచ్చరిక లేని శిక్షణ మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

ఐదు నిమిషాల లెక్క

చేయవలసినవి నిజానికి కొన్నే. మూర్ఛ మొదలైన వెంటనే గడియారం చూడాలి. చుట్టూ ఉన్న బల్లలు, రాళ్లు, పదునైన వస్తువులు తొలగించాలి. తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి. మెడ దగ్గర బిగుతుగా ఉన్న దుస్తులు వదులు చేయాలి. పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెడితే లాలాజలం బయటకు పోయి ఊపిరి ఆడుతుంది. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టకూడదు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టరాదు. నాలుక మింగేస్తారన్నది అపోహ మాత్రమే. పూర్తిగా తెలివి వచ్చే వరకు నీళ్లు, ఆహారం ఇవ్వరాదు. తెలివి వచ్చాక కూడా కాసేపు తికమకగా ఉంటారు, నిద్రపోతారు. అంతవరకు ఒక మనిషి పక్కనే ఉండాలి.

చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి. 5 నిమిషాలు దాటితే అది అత్యవసర పరిస్థితి. తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, తలకు దెబ్బ తగిలినా, నీళ్లలో ఉండగా వచ్చినా, జీవితంలో తొలిసారి వచ్చినా 108కు ఫోన్ చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన ఆ వాహనం నేడు మైదానంలోని గ్రామాలకు సుపరిచితం.

మన్యంలో ఈ లెక్క తప్పుతుంది. కొండ శిఖర గ్రామాల నుంచి రోగులను డోలీలో మోసుకొచ్చే దృశ్యాలు నేటికీ పత్రికలకెక్కుతూనే ఉన్నాయి. ద్విచక్ర ఫీడర్ అంబులెన్సులు కొంత ఆదుకుంటున్నా, అవి చేరేందుకూ దారి కావాలి, పిలిచేందుకు సిగ్నల్ కావాలి. పాడేరు నుంచి విశాఖలోని కేజీహెచ్‌కు సుమారు 110 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. ముంచంగిపుట్టు, పెదబయలు, జీకే వీధి మండలాల నుంచి దూరం ఇంకా ఎక్కువ. 5 నిమిషాలకు అంబులెన్సును పిలవాలని చెప్పే పాఠం, అది గంటకు వచ్చే చోట ఆ గంటలో ఏం చేయాలో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో తయారయ్యే పాఠాల్లో ఈ గంట ఊసు ఉండదు.

దీనికి వైద్యం వద్ద సమాధానం ఉంది. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే మన దేశంలో దొరుకుతోంది. ఆగని మూర్ఛను ఆపేందుకు వైద్యులు దీన్ని రాసిస్తుంటారు. సూది అక్కర్లేదు, ఇంట్లో తల్లి కూడా వేయవచ్చు. పిల్లవాడి బరువును బట్టి మోతాదు వైద్యుడే రాసివ్వాలి. బడిలో దాన్ని ఎవరు వేయాలన్నదే చిక్కు. వేస్తే ఏమవుతుందోనన్న భయం ఉపాధ్యాయుడిది, వేయకపోతే ఏమవుతుందోనన్న ఆందోళన తల్లిది. రోడ్డు ప్రమాద బాధితులకు సాయపడేవారికి 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ ద్వారా రక్షణ కల్పించారు. అది రోడ్డు ప్రమాదాలకే పరిమితం. సదుద్దేశంతో చేసిన సాయానికి శిక్షాస్మృతిలో సాధారణ రక్షణ ఉన్నమాట నిజమే గానీ, బడిలో స్ప్రే చేతిలో పట్టుకుని నిలుచున్న ఉపాధ్యాయినికి ఆ సెక్షన్లు గుర్తుకు రావు. వైద్యుడి చీటీ, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉంటే ఫలానా వారు మందు వేయవచ్చని ఒక పేజీ ఉత్తర్వు ఉంటే సరిపోతుంది. అది లేకుండా ఎన్ని గంటల వీడియోలు చూపినా ఆ చేయి ముందుకు సాగదు.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం 2018లో చట్టం చేసి, మూర్ఛ ఉన్న విద్యార్థుల కోసం సిబ్బందికి శిక్షణ, ప్రతి విద్యార్థికీ రాతపూర్వక ప్రణాళిక ఉండేలా చూసింది. తర్వాత మరెన్నో రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అక్కడి మూర్ఛ సంస్థలు బడి సిబ్బందికి ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగానే అందిస్తున్నాయి. పాఠానికి వెనుక చట్టం ఉండటమే అక్కడి తేడా.

జ్వరంతో వస్తే..

మన్యానికి ప్రత్యేకమైన మరో అంశాన్ని శిక్షణలో తప్పక చేర్చవలసి ఉంది. ఇది మలేరియా ప్రాంతం. జ్వరంతో ఉన్న పిల్లవాడికి మూర్ఛ వస్తే అది మెదడుకు సోకిన మలేరియా కావచ్చు, మెదడువాపు కావచ్చు. పాత మూర్ఛేలే అని ఊరుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. వెంటనే రక్తపరీక్ష చేయించాలి, ఆసుపత్రికి తరలించాలి. దిసారి దగ్గరకు తీసుకెళ్లి పూజలు చేయించే లోపు విలువైన కాలం కరిగిపోతుంది. దిసారిని తూలనాడితే తల్లిదండ్రులు బడికే దూరమవుతారు. పూజ వద్దనకుండా రక్తపరీక్ష ముందు చేయిద్దామని నచ్చజెప్పే నేర్పు కావాలి. అది కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లికి తెలుగులో చెబితే చేరదు. పాఠం తెలుగులో ఉంటే చాలదని, తల్లిదండ్రులకు వినిపించే భాగమైనా ఆయా భాషల్లో ఉండాలని చెప్పడం అందుకే.

పందుల ద్వారా వ్యాపించే బద్దెపురుగు మెదడులోకి చేరడం వల్ల వచ్చే మూర్ఛలు కూడా తక్కువేమీ కావు. ఈ పురుగు వ్యాప్తి ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. పంది మాంసం తినని వారికీ ఇది రావచ్చు. మలంతో కలుషితమైన నీళ్లు, ఆకుకూరలు, కడగని చేతుల ద్వారా గుడ్లు లోపలికి చేరతాయి. మరుగుదొడ్డికి నీళ్లు లేని బడిలో సబ్బుతో చేతులు కడుక్కోమనే పాఠం ఎంతవరకు నిలుస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక బడి బయటి ప్రమాదాలు. స్నానాలకు గెడ్డలకు వెళ్లే పిల్లల్లో మూర్ఛ ఉన్నవారు ఒంటరిగా నీటిలోకి దిగకూడదు. డిసెంబరు, జనవరిల్లో మన్యం వణుకుతుంది, వసతిగృహాల ఆవరణలో చలిమంటలు వెలుగుతాయి. మంటకు ఆనుకుని కూర్చున్న పిల్లకు మూర్ఛ వస్తే జరిగే నష్టం జీవితాంతం ఉంటుంది. ఆటల నుంచి పిల్లలను పూర్తిగా దూరం చేయనక్కర్లేదని, నీరు, నిప్పు, ఎత్తు ఈ మూడింటి దగ్గర ఒక తోడు ఉంటే చాలని వైద్యులు చెబుతారు. తోడుండే పిల్లకు కూడా విషయం తెలియాలి. తరగతిలో మిగతా పిల్లలకు చెప్పకుండా దాచిన మూర్ఛ, వచ్చిన రోజున అందరినీ భయపెడుతుంది. ముందే చెప్పిన తరగతిలో పిల్లలే గడియారం చూస్తారు.

రాత్రి ఎవరుంటారు?

ఉపాధ్యాయ శిక్షణ ఫోన్‌లోకి చేరి ఇప్పటికే చాలా కాలమైంది. 2017లో దీక్ష వేదిక మొదలైంది. 2019లో ముఖాముఖిగా ప్రారంభమైన నిష్ఠ శిక్షణ కరోనా కారణంగా 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ బాట పట్టింది. అందులో సహిత విద్యకూ చోటుంది. భారత పునరావాస మండలిలో నమోదైన ప్రత్యేక ఉపాధ్యాయులు తమ నమోదును కొనసాగించుకునేందుకు ఎప్పటికప్పుడు కొత్త శిక్షణలు పొందాలి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మేధో వైకల్య సంస్థ పొరుగునే ఉంది. పాఠం తయారీకి నిపుణుల కొరత లేదు. వేదిక కొరత అంతకంటే లేదు.

కొరత సమయానిది, నమ్మకానిది. ముఖ హాజరు యాప్ 2022 ఆగస్టులో వచ్చిన నాటి నుంచి యాప్‌ల భారంపై ఉపాధ్యాయ సంఘాల నిరసనలు తెలిసినవే. మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు పెట్టిన ఫోన్‌లోనే మూర్ఛ పాఠం కూడా వస్తే దానికీ అదే గతి పడుతుంది. వీడియోను ఒక మూల నడుస్తుండగా వదిలేసి, చివరి ప్రశ్నలకు జవాబులు బృందంలో పంచుకుని, ధ్రువపత్రం దించుకునే పద్ధతి అందరికీ తెలిసిన రహస్యం. జిల్లా సమీక్షలో అది 'నూరు శాతం పూర్తి'గా నమోదవుతుంది. సంఖ్యను అడిగే అధికారికి సంఖ్యే వస్తుంది.

ఈ శిక్షణను కొలవడానికి వేరే కొలబద్ద కావాలి. మండల సమావేశం జరిగే రోజున పది నిమిషాలు కేటాయించి, ఒక ఉపాధ్యాయుడు నేలపై పడుకుంటే మరొకరు పక్కకు తిప్పి చూపించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు పక్కన నిలబడి తప్పులు దిద్దాలి. దీనికి నిధులు అక్కర్లేదు, ఒక చాప చాలు. పాఠం తెరపై విన్నవారు చేతులతో చేసి చూపేదాకా ధ్రువపత్రం ఇవ్వకపోతే ఆ కాగితానికి విలువ వస్తుంది.

రెండో ప్రశ్న ఇంకా పెద్దది. శిక్షణ పొందిన మనిషి ఆ సమయానికి అక్కడ ఉంటారా? పాడేరు ఐటీడీఏ పరిధిలో 11 మండలాలు. భవిత కేంద్రం మండల కేంద్రంలో ఉంటుంది. అందులోని సహిత విద్య రిసోర్సు ఉపాధ్యాయులు కేంద్రం చూసుకోవాలి, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లాలి, మిగతా బడులను సందర్శించాలి. ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తి ప్రాథమిక స్థాయిలో 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే స్పష్టం చేసింది. పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను సృష్టించింది. ఇది ఆహ్వానించదగ్గ పరిణామమే. అయినా ప్రతి బడికీ ఒకరు రారు.

పైగా ఆశ్రమ పాఠశాలలో రోజుకు 24 గంటలు. నిద్రలేమి మూర్ఛను రేపుతుంది, కొందరికి నిద్రలోనే, తెల్లవారుజామునే వస్తుంది. ఆ వేళ పక్కన ఉండేది ప్రత్యేక ఉపాధ్యాయుడు కాదు. వార్డెన్, కాపలాదారు, వంటమనిషి, పక్క చాప మీది పిల్ల. పదో తరగతి విద్యార్థులను రాత్రి పదకొండు వరకు చదివించి తెల్లవారుజామున నాలుగింటికి లేపే ప్రత్యేక తరగతులు మూర్ఛ ఉన్న విద్యార్థికి మందు మానేసినంత ప్రమాదకరం. ఉత్తీర్ణత శాతం కోసం ఆరాటపడే ప్రధానోపాధ్యాయుడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? శిక్షణ పొందిన ప్రత్యేక ఉపాధ్యాయుడే చెప్పాలి. ఆయన మండలానికి మూర్ఛ బోధకుడు కావాలి గానీ, మూర్ఛ వచ్చినప్పుడు పిలిపించే మనిషిగా మిగిలిపోకూడదు. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా గుర్తించాలన్న నిబంధన ఉంది. ప్రత్యేక ఉపాధ్యాయుడు ముందుగా చేరుకోవలసింది వారినే. పాఠంలోని మొదటి పది నిమిషాలనైనా వార్డెనుకు, వంటవారికి అర్థమయ్యే మాటల్లో తయారు చేసి, సిగ్నల్ లేని చోట కూడా చూసుకునేలా ఫోన్‌లో దాచి ఇవ్వవచ్చు.

ప్రతి పిల్లవాడికీ ఒక కాగితం

నిపుణులు ఎక్కువగా నొక్కి చెప్పేది విద్యార్థి వారీ ప్రణాళిక గురించే. పేరు బరువైనదే గానీ అది ఒక్క కాగితం. మూర్ఛ ఎలా వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ముందు ఏమైనా సూచన ఉంటుందా, ఏ మందు ఏ వేళకు, మందు మరచిపోతే ఏం చేయాలి, ఎన్ని నిమిషాలు దాటితే ఎవరికి ఫోన్ చేయాలి, తల్లిదండ్రుల ఊరు, ఆ ఊళ్లో ఫోన్ ఉన్న ఇల్లు. ఉపాధ్యాయుడు బదిలీ అయినా కాగితం బడిలో ఉంటుంది. వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు దాన్నే తీసుకెళ్లవచ్చు. ఈ-సంజీవని ద్వారా ఆరోగ్య కేంద్రం నుంచే పట్నం వైద్యుడితో మాట్లాడే అవకాశం ఉన్నప్పుడు, ఈ కాగితం పక్కన ఉంటే ఆ నాలుగు నిమిషాల సంభాషణ సార్థకమవుతుంది.

మూర్ఛ మళ్లీ రావడానికి అతి సాధారణ కారణం మందు ఆగిపోవడమే. రెండేళ్లు మూర్ఛ రాకుంటే మందు మాన్పించే విషయం వైద్యుడు ఆలోచిస్తాడు. నెల రోజులు రాకపోయేసరికే నయమైందని ఇంట్లో మానేస్తారు. బాలికల విషయంలో మరింత గోప్యత. పెళ్లి కాదన్న భయంతో తల్లి బడిలో చెప్పదు, చెప్పొద్దని పిల్లకూ నేర్పుతుంది. మూర్ఛను కారణంగా చూపి వివాహాన్ని కాదనే వీలు కల్పించిన నిబంధనను 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తొలగించారు. పాతికేళ్లు దాటినా ఆ వార్త చాలా ఇళ్లకు చేరలేదు. దాచిన మాత్రలు ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి, చూసేవారు లేనప్పుడు మింగాలి, ఒక్కోసారి మింగరు. ఎదిగే బాలికలకు వాల్‌ప్రోయేట్ వంటి మందు విషయంలో వైద్యులు ప్రత్యేక జాగ్రత్తలు చెబుతారు, ఆ మాట వినే దారీ మూసుకుపోతుంది. విషయం చెబితే పిల్లను ఇంటికి పంపరన్న భరోసా బడి ఇవ్వగలిగితేనే తల్లి నోరు విప్పుతుంది. మూర్ఛ ఉందన్న కారణంగా పిల్లను వసతిగృహం నుంచి పంపివేయరాదన్న ఒక్క వాక్యం శిక్షణలో మొదటి పాఠం కావాలి.

మూర్ఛతో పాటు ఇతర నాడీ వ్యాధులపై 2022 నుంచి 2031 వరకు అమలు చేయవలసిన కార్యాచరణకు ప్రపంచ ఆరోగ్య సభలో మన దేశమూ ఆమోదం తెలిపింది. 2021తో పోలిస్తే మూర్ఛ చికిత్స అందేవారి సంఖ్యను సగం మేర పెంచాలన్నది అందులోని లక్ష్యాల్లో ఒకటి. గడువుకు ఎంతో కాలం లేదు. జిల్లా స్థాయిలో దానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ఐటీడీఏ, సమగ్ర శిక్ష, వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చుని రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందాల వద్ద ఉన్న మూర్ఛ పిల్లల పేర్లను బడుల వారీగా విడదీస్తే ఎవరికి ముందుగా శిక్షణ ఇవ్వాలో తేలిపోతుంది. పేర్లున్న బడుల్లో ముందు, మిగతా వాటిలో తర్వాత.

వేసవి సెలవుల్లో పిల్లలు కొండలెక్కి ఊళ్లకు వెళ్లిపోతారు. నెలన్నర పైచిలుకు మందుల సంగతి అడిగేవారుండరు. జూన్ 12న బడి తెరిచే రోజున ట్రంకు పెట్టెతో దిగిన పిల్లను మాత్రలు తెచ్చుకున్నావా, ఎన్ని మిగిలాయి అని అడిగే పని వార్డెనుదా, ఏఎన్‌ఎందా, ప్రత్యేక ఉపాధ్యాయుడిదా అన్నది ఏప్రిల్‌లో బడి మూసే ముందే రాతపూర్వకంగా తేల్చుకోవలసి ఉంది. మాత్రలు ఆగిన పిల్లకు మూర్ఛ తిరగబెట్టేది చాలావరకు ఆ మొదటి వారాల్లోనే.